మేడమీది అన్న పట్టుకున్న డిష్

మా మేడమీది అన్న పోయాడు.

శుక్రవారం పొద్దున మద్రాసు తిరువొత్తియూరులో నా పెయింట్ల షాపు షట్టరు సగం ఎత్తానో లేదో, లోపల ఫోను మోగింది. వంగి దూరి తీశాను. మా ఇంటావిడ. "ఉన్నపళాన రాండి. పైన అన్నయ్య లేవలా. వదిన ఎంత పిలిచినా పలకలేదంట" అంది. షట్టరు సగంలోనే వదిలేసి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి డాక్టరు మెట్లు దిగుతున్నాడు. గుండె ఎప్పటినుంచో బలహీనంగా ఉందని, నిద్రలోనే పోయాడని, బాధ తెలిసి ఉండదని చెప్పాడు. వచ్చినవాళ్ళందరూ అదృష్టవంతుడు, సుఖంగా పోయినాడు అన్నారు. నేను మాత్రం ఎవరూ చూడకుండా దుప్పటి కాస్త జరిపి ఆయన అరచేతులు చూశాను. ఎర్రదనం అప్పటికే తగ్గిపోయింది. ఎందుకు చూశానో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. డబ్బాల మీద రంగుల పేర్లు చదువుతూ ముసలివాణ్ణయిపోయాను. సంతోషం వస్తే వీధి చివరికి వినపడేట్టు మాట్లాడతాను, అది నా గుణం. మా ఇంటావిడ "మీకు సంతోషం వస్తే చుట్టూ ఉండేవాళ్ళు కనబడరు" అని పెళ్ళయిన కొత్తలోనే అంది. ఆ మాట ఇన్నేళ్ళకు నిజమైంది.

అన్న మా ఇంటి మేడమీది వాటాలో ఇరవై ఏళ్ళు అద్దెకు ఉన్నాడు. అంతకుముందు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరు. ఆ తర్వాత ఒడ్డుకొచ్చి ఎన్నూరు వైపు అదే పని చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. ఆయన, వదిన, ఒక పెట్టెడు తీగలు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు, భుజం మీద గళ్ళ తువ్వాలు, చేతిలో నిలువు నోటుపుస్తకం. ఏ పని చేసినా ఆ పుస్తకంలో రాసేవాడు. ప్రతి పేజీలో నాలుగు గళ్ళు గీసి ఉండేవి: ఏ రోజు, ఏం మార్చాను, ఏం జరిగింది, కారణం. కరెంటు పోయినా రాసేవాడు, మోటారులో నీళ్ళు రాకపోయినా రాసేవాడు. "ఒకేసారి రెండు మార్చబాక తమ్ముడూ. బాగైతే ఏదాని వల్ల బాగైందో తెలీదు, చెడితే ఏదాని వల్ల చెడిందో తెలీదు" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. షాపులో నేను ఒకేసారి పది మార్చేవాణ్ణి మరి!

ఆ కారణం గడి గురించి ఒక సంగతి చెప్పాలి. ఒకసారి మా ఇంటావిడ డాబా మీద తడిచీర విసురుగా ఆరేస్తే ఆయన రేడియో తీగ తెగిపోయింది. ఆవిడ భయపడి నన్ను పంపింది. వెళ్ళి చూస్తే అప్పటికే రాసేశాడు. "కారణం: తీగను చీరలు తగిలే ఎత్తులో కట్టినాను." అంతే. ఆ గడిలో ఇరవై ఏళ్ళలో ఇంకొకరి పేరు రాసి ఉండగా నేను చూడలేదు.

మా చిన్నమ్మాయికి, అంటే మా పాపకు, తెలుగు చదవడం నేర్పింది ఆయనే. మద్రాసులో పుట్టిన పిల్ల, బడి అంతా తమిళం, స్నేహితులు తమిళం. ఇంట్లో మాతో మాట్లాడే తెలుగు కూడా ఈడ, ఆడ, తమిళం కలిపి అదే దా, ఇదే దా. ఆయన సాయంత్రం పూట దాన్ని డాబా మీద కూర్చోబెట్టి తెలుగు పేపరు చేతికిచ్చి, తాను డాబా ఆ చివర పిట్టగోడకు ఆనుకుని నిలబడేవాడు. మధ్యలో మా ఇంటావిడ వడియాలు. సముద్రపు గాలి హోరుమని కొడుతుండేది.

"వినపళ్ళా! మళ్ళీ చదువు!"

"పెదనాన్నా, అరిస్తే గొంతు పోతా ఉండాది!"

"అరవమన్లేదమ్మా. అక్షరం మింగబాక అన్నా. వినేవాడు తుపానులో ఉండాడు అనుకో. వాడికి నీ మాట ఒక్కటే దిక్కు అనుకో. అట్ట చదువు."

పాప పళ్ళు కొరుక్కుంటూ చదివేది. ఒక్క అక్షరం పోయినా ఆయన చేత్తో చెవి చుట్టూ గుండ్రంగా తిప్పేవాడు, మళ్ళీ అని. అలా ఆరేళ్ళు. ఆరేళ్ళు చదివించాడండీ, ఒక్కరోజు విసుక్కోకుండా!

పోయిన చలికాలంలో హైదరాబాదులో కొత్తగా పెట్టిన ఒక తెలుగు చానల్‌లో పాపకు వార్తలు చదివే ఉద్యోగం వచ్చింది. ముందు శిక్షణ, తర్వాత ఆదివారం మధ్యాహ్నం పది నిమిషాల వార్తలు. నా సంతోషం ఏమని చెప్పను! షాపుకు వచ్చిన వాడు సున్నం అడిగినా, టర్పెంటైన్ అడిగినా ముందు మా పాప సంగతి విని తీరాల్సిందే. అయితే మా వీధి కేబుల్ మనిషి చల్లగా ఒక మాట అన్నాడు. ఆ చానల్ కొత్త రకం, డిజిటల్, తన దగ్గరుండే పెట్టెలతో రాదు, ఈ వీధిలో నాలుగు తెలుగు ఇళ్ళ కోసం కొత్తది కొనలేను అన్నాడు. నా ముఖం వాడిపోయింది. కన్నబిడ్డ టీవీలో కనబడుతుంటే దేశమంతా చూస్తుంది, నేను చూడను.

ఆ రాత్రి భోజనాలు కాగానే అన్న కిందికి దిగి వచ్చాడు.

"ఏమి తమ్ముడూ, పెళ్ళి చెడిపోయినోడి మాదిరి కూర్చోనుండావు?"

చెప్పాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి కాసేపు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "ఆకాశంలో ఉండేదాన్ని కేబులోడు ఆపేదేంది? మనమే పట్టుకుందాం" అన్నాడు.

ఆయన దగ్గర ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో ముక్కలు ముక్కలుగా కొని కూర్చుకున్న కంప్యూటరు ఒకటి ఉండేది. పాత ఓడ స్నేహితుడు ఒకాయన జర్మనీ రేవు నుంచి ఒక కార్డు తెచ్చి ఇచ్చాడు. అరచేయంత పచ్చని పలక, దాని మీద రేకు డబ్బీ. దాన్ని కంప్యూటరు లోపల బిగించి, డిష్ నుంచి వచ్చే తీగ తగిలిస్తే కంప్యూటరే టీవీ అవుతుందట. దానితోపాటు వచ్చిన సీడీ ఆయన వాడలేదు. ఆయన కంప్యూటరులో నడిచేది లినక్స్. అందరి దగ్గరా ఉండేది కాకుండా ఇదెందుకన్నా అంటే, "దాని మూత తియ్యనియ్యరు తమ్ముడూ. దీన్ని రాసినోళ్ళు లోపల ఉండేదంతా తెరిచి పెట్టేసినారు. తప్పు ఏడుందో మనమే చూసుకోవచ్చు" అన్నాడు. ఎవరో ముక్కూమొగం తెలియని మనుషులు రాసి, ఊరికే అందరికీ ఇచ్చేశారని చెప్పేటప్పుడు ఆయన కళ్ళు మెరిసేవి.

కార్డును లినక్స్‌కు పరిచయం చేసే ప్రోగ్రాము ఒకటి కావాలి. దాన్ని డ్రైవరు అంటారట. నేను మొదట బండి నడిపేవాడనుకున్నాను. ఆయన మద్రాసులోనే ప్యారిస్ కార్నర్ దగ్గర ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి దాన్ని ఏడు ఫ్లాపీల్లోకి దించుకుని బస్సులో వచ్చాడు. ఐదో ఫ్లాపీ చెడింది. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి రెండోది. ఆ వయసులో, ఆ మెట్లు దిగి, ఆ బస్సుల్లో! మూడోసారి ప్రతి ఫ్లాపీనీ రెండేసి తెచ్చాడు. ఆ పేజీలో "కారణం: ఫ్లాపీలు చొక్కాజేబులో పెట్టుకున్నాను, చెమట" అని ఉంది.

తర్వాత దాన్ని కంప్యూటరు చేతే, దానికి అర్థమయ్యే రూపంలోకి వండించాలి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వానలా జారిపోతుండేవి. మా ఇంటావిడ కాఫీ తెచ్చి, "అన్నయ్యా, ఇది పిచ్చెక్కినట్టుండాదే" అనేది. "పిచ్చి కాదమ్మా, ఉడకతా ఉండాది" అనేవాడు. ఉడికి ఉడికి చివర్లో ఒక తప్పు చూపించి ఆగిపోయేది. ఆయన ఆ తప్పును అక్షరం అక్షరం పుస్తకంలోకి ఎక్కించుకుని, ఒక్కటంటే ఒక్కటి మార్చి, మళ్ళీ పొయ్యి మీద పెట్టేవాడు. ఇలా నెలన్నర. ఒకరోజు నల్ల తెర మీద ఒక వరుస కనిపిస్తే కిందికి కేకేశాడు. "తమ్ముడూ! కార్డు పలికింది!" నేను పరిగెత్తి వెళ్ళి చూస్తే బొమ్మా లేదు, గిమ్మా లేదు. కార్డు దొరికిందని ఇంగ్లీషులో ఒక లైను. దానికే ఆయన చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకుంటున్నాడు.

డిష్ మా డాబా మీదే దొరికింది. ఏనాడో కేబులు మనిషి వదిలేసి పోయిన ఆరడుగుల ఫైబరు పళ్ళెం, మా ఇంటావిడ దాంట్లో మిరపకాయలు ఎండబెట్టేది. దాన్ని కడిగి, స్తంభానికి ఎక్కించి, దాదాపు ఆకాశం నడినెత్తికి చూసేట్టు నిలబెట్టాడు. ఇంక వెతుకులాట. డిష్ ఒక గోరంత జరపడం, కిందికి దిగి తెర చూడడం, మళ్ళీ ఎక్కడం. ఆ చానల్ ఏ తరంగం మీద వస్తుందో చెప్పే నంబర్లు నాలుగు సరిగా పడాలట, ఒక్కటి తప్పినా తెర నల్లగానే ఉంటుంది. "పాత టీవీ మాదిరి కాదు తమ్ముడూ. దాంట్లో బొమ్మ మసగ్గా అయినా వచ్చి, దగ్గరికి వచ్చినామని చెప్తాది. ఇది చెప్పదు. వస్తే మొత్తం వస్తాది, లేదంటే ఏమీ లేదు" అనేవాడు.

ఒకరోజు సాయంత్రం తెరంతా రంగురంగుల గళ్ళు చెదిరినట్టు కనబడ్డాయి. నేను కింద చూస్తున్నాను, ఆయన పైన ఉన్నాడు. "గళ్ళు! గళ్ళన్నా!" అని అరిచాను. "ఊపిరి పీల్చబాక!" అని పైనుంచి కేక. గళ్ళు ఒక్కసారి కుదురుకున్నాయి. ఎవరో ఆవిడ గుత్తివంకాయ కూర చేస్తోంది! అద్దంలో చూసినట్టు! మా ఇంటావిడ పరుగున వచ్చి చూసి మొదట అన్న మాట, "నూనె ఎక్కువ పోసేసింది." అన్న దిగి వచ్చి తెర ముందు నిలబడి, వంకాయ కూర అయ్యేదాకా నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నా షాపు నీలం పెయింటు తెప్పించి స్తంభం మీద ఒక గీత, డిష్ మెడ మీద ఒక గీత గీశాడు. ఆ రెండు గీతలూ కలిసి ఉంటే చానల్ ఉంటుంది.

పాప మొదటి వార్తలు జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం అని తేలింది. దానికి రెండు రోజుల ముందు పెద్దగాలి కొట్టింది. డిష్‌ను స్తంభానికి పట్టుకునే ఇనుప క్లాంపు విరిగి, డిష్ మెడ వాల్చేసింది. అంబత్తూరులో ఒక లేతు మిషన్ల షెడ్డులో కొత్త క్లాంపు చేయమని ఇచ్చాను. మంగళవారం కల్లా ఇస్తామన్నారు. నాకు ఆదివారం కావాలి! నేను తల పట్టుకున్నాను.

"నేను పట్టుకుంటా" అన్నాడు అన్న.

"ఏమి పట్టుకుంటావు?"

"డిష్‌ను. గీతకు గీత కలిపి పట్టుకుంటే చాలు. పది నిమిషాలే గదా."

నేను పట్టుకుంటాను, నువ్వు చూడు అన్నాను. నిజంగా అన్నాను, ఇది మాత్రం అబద్ధం కాదు. ఆయన నవ్వాడు. "నువ్వు తండ్రివి. నువ్వు చూడాల. నీకు గీత కుదరదు కూడా, సంతోషం వస్తే ఎగరతావు. నాకేం, రికార్డు ఉంటాది. సాయంత్రం తీరిగ్గా కూర్చోని చూస్తా."

ఆ వారం వదిన వాళ్ళవైపు పెళ్ళికి నెల్లూరు పోయింది. ఈయన కూడా పోవాలి. పాప వార్తల కోసమే ఆగిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం మేము ఆయన గదిలో చేరాం. నేను, మా ఇంటావిడ, వీధిలో ఉన్న నాలుగు తెలుగు ఇళ్ళవాళ్ళు. ఆయన కంప్యూటరు ముందు కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, ఒక్కొక్క మాట నొక్కి చెప్పాడు. తెరలో ఒక మూల నల్లని కిటికీ ఉంది, అందులో ఒక లైను టైపు చేసి పెట్టేశాడు. "డిస్కులో పావుగంటకే చోటుండాది. ముందే మొదలుపెడితే సగంలో నిండిపోతాది. పాప మొగం కనబడంగానే ఎంటర్ ఒక్కటి కొట్టు చాలు. ఇంక దేన్నీ తాకబాక." ఎంటర్ ఏదో నాకు తెలియదని, దాని మీద నా షాపు ఎర్ర పెయింటుతో బొట్టు పెట్టి ఉంచాడు. మా ఇంటావిడ నుదుటి బొట్టంత. మెట్లెక్కబోతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "అయిపోయిందని మీరు కేకేస్తేనే నేను వదల్తా. ఓడలో అవతలోడు ముగిసిందని చెప్పకుండా నేను ఏనాడూ సెట్టు వదిలి లేవలా" అన్నాడు.

పన్నెండున్నర. సంగీతం వచ్చింది. పాప వచ్చింది.

నీలం చీర. తల నున్నగా దువ్వుకుని, చేతులు బల్ల మీద పెట్టుకుని, నన్నే చూస్తోంది. నమస్కారం అంది. నేను అయ్యో అయ్యో అని అరిచాను. మా ఇంటావిడ తెరను చేత్తో తడిమింది. అందరూ చప్పట్లు. నేను లేచి నిలబడ్డాను. గంతులు వేశానని తర్వాత చెప్పారు. మధ్యలో రెండుసార్లు తెర గళ్ళు గళ్ళుగా చెదిరింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? కిటికీలోంచి తల పెట్టి, "అన్నా! కదలబాక! సరిగ్గా పట్టుకో!" అని గద్దించాను. జూన్ మధ్యాహ్నం, మద్రాసు డాబా. ఆ మనిషిని గద్దించాను.

పది నిమిషాలు అయిపోయాయి. పాప సెలవు తీసుకుంది. నేను మిఠాయి పెట్టె ఎత్తుకుని మెట్లు దిగాను. వీధిలో ఇంటింటికీ, టీకొట్టుకు, కేబులు మనిషికి కూడా, ముఖ్యంగా వాడికి, తీసుకెళ్ళి నోట్లో పెట్టి వచ్చాను. అరగంట దాటింది. ఇంటికి వచ్చేసరికి మా ఇంటావిడ వాకిట్లో నిలబడి, "అన్నయ్య ఏడీ? తినడానికి పిలద్దామంటే గదిలో లేడు" అంది.

అయిపోయిందని నేను కేక వేయనేలేదు. మెట్లు రెండేసి ఎక్కాను. ఆయన అలాగే ఉన్నాడు. రెండు చేతులూ డిష్ అంచు మీద, కళ్ళు నీలం గీతల మీద. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. తువ్వాలు గాలికి ఎప్పుడో జారి కింద పడింది, తీసుకోవాలంటే చెయ్యి వదలాలి.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయిందన్నా."

అప్పుడు వదిలాడు. డిష్ మెల్లగా మెడ వాల్చింది. అరచేతులు కాలి ఎర్రగా ఉన్నాయి. వాటిని చొక్కాకు తుడుచుకుంటూ, ముఖమంతా వెలుగుతో, "రికార్డు అయిందా?" అని అడిగాడు.

ఆ క్షణం దాకా నాకు ఎంటర్ గుర్తే లేదు. దేవుడి సాక్షిగా గుర్తే లేదు. ఎర్రబొట్టు కళ్ళ ముందు మెదిలింది, దాని మీద నా వేలు పడనేలేదు. చెప్పేయాల్సింది. ఆ అరచేతులు చూస్తూ చెప్పలేకపోయాను.

"ఆఁ, అయిందన్నా" అన్నాను.

"సెరి. ముందు రెండు గుక్కలు నీళ్ళు తాగి, సాయంత్రం చూస్తా" అన్నాడు.

సాయంత్రం నేను ఇంట్లో లేను. ఆదివారమైనా షాపు తీసుకుని కూర్చున్నాను. పాప షాపుకే ఫోను చేసింది. "నాయనా! పెదనాన్న చూసినాడా? ఏమన్నాడు?" అని మొదటి మాట అదే. "చూసినాడమ్మా, కళ్ళనిండా చూసినాడు" అన్నాను. ఒక అబద్ధం నోటి నుంచి వచ్చాక రెండోది ఎంత తేలిగ్గా వస్తుందో ఆరోజు తెలిసింది.

సోమవారం మెట్ల దగ్గర ఎదురుపడ్డాం. ఆయన చేతిలో నోటుపుస్తకం ఉంది. నేను ముఖం తిప్పుకోబోయాను. ఆయన నా భుజం తట్టి, "వచ్చే ఆదివారం ఉండాదిగా తమ్ముడూ" అన్నాడు. అంతే. నాకు అర్థమైంది, ఆయన వెతికి చూశాడని. తప్పయిపోయిందన్నా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆదివారం వస్తుంది, క్లాంపు వస్తుంది, ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూస్తాం, అప్పుడు నవ్వుతూ చెప్పేస్తాను అనుకున్నాను. క్లాంపు మంగళవారం రాలేదు. శుక్రవారం పొద్దున ఆయన లేడు. శనివారం క్లాంపు వచ్చింది.

పాప హైదరాబాదు నుంచి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. వదినను పట్టుకుని, "నన్ను చూసే పోయినాడు పెద్దమ్మా, అదొక్కటి చాలు నాకు" అంది. వదిన నెల్లూరు నుంచి వచ్చాక ఆయన ఆమెకు ఏం చెప్పాడో, చెప్పలేదో నాకు తెలియదు. ఆమె నా వైపు చూడలేదు. పాప తల నిమిరింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అందరూ నన్ను ఓదార్చారు, తోడబుట్టినవాడి కంటే ఎక్కువ కదా అని.

పదో రోజు కార్యక్రమం అయ్యాక వదిన ఆ నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది నీకే అర్థమవుతాది. దాన్ని ఎట్ట నడిపేదో రాసి పెట్టినారు" అంది. అర్థమవుతుందా! ఐదో తరగతి వాడికి! అయినా తెరిచాను. చివరి పేజీ ఆ ఆదివారం.

"మార్చింది: డిష్ చేత్తో పట్టినాను. జరిగింది: పాప గొంతు కిటికీలోంచి స్పష్టంగా వినబడినది. ఒక్క అక్షరం పోలేదు. రికార్డు కాలేదు. కారణం: మీట ఎప్పుడు నొక్కవలెనో తమ్ముడికి సరిగా చెప్పలేదు."

సరిగా చెప్పలేదట. బొట్టు పెట్టి మరీ చెప్పిన మనిషి!

నేను ఆ పేజీ మీద తల పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత షాపు పెన్నుతో ఆ కారణం కింద నా చేతిరాతతో రాశాను: "ఇది తప్పు. ఆయన సరిగానే చెప్పినాడు. నేను సంతోషంలో మరిచిపోయి, అయిందని అబద్ధం చెప్పినాను." అప్పటికి ఆ పుస్తకంలో ఆయన రాయని మాట అదొక్కటే.

ఈ కాగితాలు పత్రికకు పంపకముందే పాపకు ఫోను చేసి అంతా చెప్పాను. అచ్చులో చూసి తెలుసుకోకూడదు కదా. చెప్పడం అయిపోయాక లైను పోయిందేమో అనుకున్నాను.

"అమ్మా?"

"ఉండా. ఎంటర్ ఏడుంటాదో ఇప్పుడు తెలుసునా నాయనా?" అంది.

"తెలుసమ్మా. ఎర్రబొట్టు ఉండాది."

"ఆదివారం రికార్డు పెట్టు" అని ఫోను పెట్టేసింది. కోపం తగ్గలేదు. తగ్గనక్కర్లేదు.

శనివారం మొత్తం ఆ పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కాను. ఆయన రాసిన క్రమం తప్పకుండా, ఒకేసారి రెండు మార్చకుండా. ఎన్నిసార్లు తప్పిందో! ప్రతిసారీ రాశాను. కారణం: నేను. కారణం: మళ్ళీ నేను. సాయంత్రానికి కార్డు పలికింది. ఆ ఇంగ్లీషు లైను చూసి నేనూ చేతులు రుద్దుకున్నాను.

క్లాంపు బిగించలేదు. నా షాపులో పేపరు చుట్టి అలాగే ఉంది. సోమవారం బిగిస్తాను. ముందు ఒక్కసారి నేను పట్టుకోవాలి.

ఆదివారం వదినను ఆయన కుర్చీలో కూర్చోబెట్టాను. లైను టైపు చేసి ఉంచాను, బొట్టు చూపించాను. "పాప మొగం కనబడంగానే కొట్టు వదినా. అయిపోతే ఒక కేక వెయ్యి" అన్నాను. ఆమె తల ఊపింది. నేను డాబా ఎక్కి, ఆయన తువ్వాలు చేతులకు చుట్టుకోబోయి మళ్ళీ తీసేసి, ఉత్త చేతుల్తో అంచు పట్టుకుని గీతకు గీత కలిపాను. ఆ అంచు ఎంత కాలుతుందో చెప్పలేను. చెమట కళ్ళలోకి దిగింది, తుడుచుకుందామంటే చెయ్యి లేదు. కింద కిటికీలోంచి సంగీతం, ఆ వెంటనే పాప గొంతు. గాలి హోరులో, రోడ్డు మీద ఎన్నూరు లారీల మోతలో కూడా ఒక్క అక్షరం పోకుండా వినిపిస్తోంది. తుపానులో ఉన్నవాడికి చదివినట్టు చదువుతోంది.

వార్తలు అయిపోయాయి. సంగీతం వచ్చింది, అదీ ఆగిపోయింది. తర్వాత ఏదో సబ్బు ప్రకటన. నేను నీలం గీతల మీదే కళ్ళు పెట్టి పట్టుకునే ఉన్నాను. వదిన ఇంకా కేక వేయలేదు.